రిజర్వ్ పడ్డాక బండి ఎంత దూరం పోతుంది? మీ బండి లెక్క మీరే తేల్చుకోండి

మే నెల, మిట్టమధ్యాహ్నం. శ్రీశైలం దారిలో డిండి దాటాక మా స్ప్లెండర్ బైకు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. రిజర్వ్ పడింది, అంతేగా అనుకుని ఎడమ చెయ్యి కిందికి పోనిచ్చి పెట్రోలు ట్యాప్ తిప్పబోయాను. అది అప్పటికే రెస్‌లో, అంటే రిజర్వ్ గుర్తు మీదే ఉంది. రెండు రోజుల ముందు బండి తీసుకెళ్లిన మా బాబాయి కొడుకు దారిలో రిజర్వ్‌కి తిప్పుకున్నాడు, బంకులో పెట్రోలు కొట్టించాడు, ట్యాప్ మాత్రం వెనక్కి తిప్పలేదు. ముందు ఆగడం, తర్వాత తిప్పుకోవడం అన్న ఆ ఒక్క హెచ్చరికా లేకుండా ట్యాంకు అడుగంటా ఊడ్చుకుపోయిందన్నమాట. రెండు కిలోమీటర్లు నెట్టాక బుల్లెట్ మీద వస్తున్న ఒకాయన జాలిపడి, మా ఫుట్‌రెస్ట్‌కి కాలు ఆనించి బంకు దాకా తోశాడు.

ఆ రోజు బంకు దగ్గర నీడలో కూర్చుని నలుగురిని అడిగాను, స్ప్లెండర్ రిజర్వ్‌లో ఎంత దూరం పోతుందని. పెట్రోలు కొట్టే కుర్రాడు అరవై అన్నాడు. పక్కనే పంక్చర్లు వేసే ఆయన నలభై దాటదు అన్నాడు. టీ తాగుతున్న పెద్దాయన, తన సీడీ 100 బైకు ఎనభై కిలోమీటర్లు పోయిందని ఒట్టేసి చెప్పాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి బండి లెక్క వాళ్లు చెప్పారు. ఆ లెక్క మీ బండికి పనికిరాదు. మీ లెక్క మీరు తేల్చుకోవాలంటే ఒక లీటరు కొలత, ఒక పెన్ను, ఓ పది రోజుల ఓపిక చాలు. ఎలాగో చెప్తాను.

ముందు ట్యాంకులో ఏముందో తెలుసుకోండి

రిజర్వ్ అంటే ట్యాంకులో వేరే అర ఉంటుందని, అందులో కంపెనీవాళ్లు కొంత పెట్రోలు దాచి పెడతారని చాలామంది అనుకుంటారు. అలాంటిదేం లేదు. ఉన్నది ఒకటే ట్యాంకు. ఒక నీళ్ల డ్రమ్ముకి రెండు కుళాయిలు ఉన్నాయనుకోండి, ఒకటి అడుగు నుంచి బెత్తెడు ఎత్తున, రెండోది అడుగునే. పై కుళాయి తిప్పి నీళ్లు పట్టుకుంటూ ఉంటే కొంతసేపటికి ధార ఆగిపోతుంది. డ్రమ్ములో నీళ్లు లేక కాదు, ఆ కుళాయి మట్టం కిందికి నీళ్లు దిగిపోయాయి గనుక. అప్పుడు కింది కుళాయి తిప్పుతాం.

బండి ట్యాప్ కూడా అంతే. ట్యాప్ నుంచి ట్యాంకు లోపలికి ఒక పొడుగు గొట్టం నిలబడి ఉంటుంది. ట్యాప్ ఆన్‌లో ఉన్నప్పుడు పెట్రోలు ఆ గొట్టం పై అంచు నుంచి దిగుతుంది. రెస్‌కి తిప్పితే అడుగున ఉన్న రంధ్రం తెరుచుకుంటుంది. గొట్టం ఎత్తు ఎంతో రిజర్వ్ అంత. పాత బండి కొనుక్కున్నవాళ్లు ఇక్కడ ఒక విషయం గమనించాలి. మెకానిక్ ఎప్పుడో ట్యాప్ మార్చి వేరే బండి ట్యాప్ బిగించి ఉంటే, ఆ గొట్టం ఎత్తు వేరేది అయ్యుండొచ్చు. అప్పుడు బండితో ఇచ్చిన పుస్తకంలో రాసిన రిజర్వ్‌కీ మీ ట్యాంకుకీ సంబంధం ఉండదు.

పుస్తకంలో అంకెతో ఇంకో తిరకాసు ఉంది. పాత పల్సర్ 150 వివరాల్లో ట్యాంకు 15 లీటర్లు, రిజర్వ్ 3.2 లీటర్లు, వాడుకోగల రిజర్వ్ 2 లీటర్లు అని మూడు అంకెలు ఉండేవి. ఆ మూడో అంకెను ఎవరూ చదవరు. లీటరుకు 45 కి.మీ. ఇచ్చే బండికి 3.2 లీటర్లంటే 144 కి.మీ., 2 లీటర్లంటే 90 కి.మీ. మధ్యలో ఉన్న 54 కిలోమీటర్లు నెట్టుకుంటూ పోవాల్సినవి.

ఆ మిగతా పెట్రోలు ఎటు పోతుంది? ఎటూ పోదు, ట్యాంకులోనే ఉంటుంది. ట్యాంకు బండి ఫ్రేము మీద జీను వేసినట్టు కూర్చుంటుంది. అంటే అడుగున మధ్యలో మెట్టు, దానికి అటొక గుంట, ఇటొక గుంట. ట్యాప్ చాలా బండ్లకి ఎడమ గుంటలో ఉంటుంది. మట్టం ఆ మెట్టు కిందికి దిగాక కుడి గుంటలో పెట్రోలు అక్కడే ఉండిపోతుంది. దాన్ని ఎడమవైపు తెచ్చే ఉపాయం తర్వాత చెప్తాను.

మీ బండి ఏ రకం?

ట్యాంకు కింద ఎడమవైపు చెయ్యి పెట్టి చూడండి. ఆన్, ఆఫ్, రెస్ అని మూడు గుర్తులున్న నాబ్ తగిలితే మీది కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపి ఇంజనుకి పంపే భాగం) ఉన్న బండి, కింద చెప్పేదంతా మీకోసమే. నాబ్ లేకపోతే మీది ఎఫ్ఐ, అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయ్యుంటుంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక అమ్ముడైన బండ్లలో చాలావరకు ఇవే. వీటిలో తిప్పుకునే రిజర్వ్ ఉండదు, మీటరులో దీపమో ఆఖరి గీత మిణుకుమనడమో ఉంటుంది. వాళ్లు "లైటు వెలిగాక" అన్న భాగానికి వెళ్లండి. రిజర్వ్‌ని ఖాళీ అయ్యేదాకా నడిపి కొలిచే పద్ధతి మాత్రం ఎఫ్ఐ బండి మీద చేయొద్దు. దాని పెట్రోలు పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటుంది, పెట్రోలే దాన్ని చల్లబరుస్తుంది. పదేపదే ఎండబెడితే పంపు పోతుంది, పంపు ఖర్చు మీ ప్రయోగానికి తగదు.

లీటర్లు కొలవడం

బండిని ఎప్పటిలా ఆన్‌లో పెట్టి తిరగండి. ఒకరోజు ఎక్కడో మిస్ కొడుతుంది, అంటే ఇంజను దగ్గుతూ ఆగబోతుంది. అది ఇంటికి దగ్గర్లో జరిగేలా చూసుకోండి, అంటే గేజి ముల్లు ఎర్ర గీత దగ్గరికి వచ్చాక దూరాలు పెట్టుకోకండి. మిస్ కొట్టగానే మీటరు రీడింగ్ చూసి గుర్తుపెట్టుకోండి, రెస్‌కి తిప్పి ఇంటికి వచ్చేయండి. వచ్చిన దూరం రాసుకోండి, చివర్లో కలుపుకోవాలి.

ఇంజను పూర్తిగా చల్లబడేదాకా ఆగండి. పని ఆరుబయట పెట్టుకోండి. సెల్లార్‌లో వద్దు, వంటింటి కిటికీ పక్కన వద్దు, చేతిలో సిగరెట్ ఉన్న బావమరిదిని పక్కన నిలబెట్టుకోవడం అసలే వద్దు. లీటరు గీతలున్న స్టీలు లేదా అల్యూమినియం కొలత తీసుకోండి. రేషన్ షాపు కిరోసిన్ కొలత ఇంట్లో మిగిలుంటే అంతకంటే మంచిది లేదు. నీళ్ల తడి లేకుండా ఆరబెట్టాలి, ఒక్క చుక్క నీళ్లు కార్బొరేటర్‌లోకి పోయినా తర్వాత మీకే తలనొప్పి.

బండిని సెంటర్ స్టాండ్ మీద చదును నేల మీద నిలబెట్టండి. ఇది ముఖ్యం. సైడ్ స్టాండ్ మీద బండి ఎడమవైపు వాలుతుంది, కుడి గుంటలోని పెట్రోలు కూడా ఇటు వచ్చేస్తుంది, మీకు లెక్క ఎక్కువ చూపిస్తుంది. రోడ్డు మీద బండి నిటారుగా పోతుంది కదా, కొలత కూడా నిటారుగానే కావాలి.

ట్యాప్ ఆఫ్ చేయండి. కార్బొరేటర్‌కి వచ్చే పెట్రోలు పైపు క్లిప్పుని కట్టింగ్ ప్లేయర్‌తో నొక్కి, పైపు చివర మెల్లగా లాగి కొలతలో పెట్టండి. ఇప్పుడు ముందు ఆన్‌కి తిప్పండి. ఏమీ రాకూడదు, మహా అయితే నాలుగు చుక్కలు. ధార కడితే మీ బండికి రిజర్వ్ ఇంకా పడలేదు, మిస్ కొట్టింది వేరే కారణంతో. ఏమీ రాకపోతే రెస్‌కి తిప్పి, ధార చుక్కలుగా మారేదాకా పట్టండి. కొలత చూసి రాసుకోండి. ఇంటికి రావడానికి ఖర్చయిన పెట్రోలుని కూడా కలపాలి, దానికి మైలేజ్ కావాలి, అది కింద ఉంది. పట్టిన పెట్రోలు తిరిగి ట్యాంకులో పోసేసి, ట్యాప్ ఆఫ్ చేసి పైపు బిగించండి.

మా బండికి దగ్గర దగ్గర 1.2 లీటర్లు వచ్చింది. 100 సీసీ బండ్లలో ఇది ఒక లీటరుకు కొంచెం అటూ ఇటూగా ఉండటం మామూలే.

పైపు పీకడం భయమైతే మీ మెకానిక్‌తో చేయించండి. ట్యాంకు కడిగించుకునే రోజు అడిగితే డబ్బులు కూడా తీసుకోడు.

మైలేజ్: షోరూమ్ అంకె మర్చిపోండి

ఇది అందరికీ తెలిసిందే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. ఒకే బంకులో, బండిని ఒకే స్టాండ్ మీద పెట్టి ఫుల్ ట్యాంకు కొట్టించండి, మీటరు రీడింగ్ రాసుకోండి. మూడొందల కిలోమీటర్లైనా తిరిగాక అదే బంకుకి వచ్చి మళ్లీ అదే మట్టానికి కొట్టించండి. మా లెక్క: 23,410 నుంచి 23,788 దాకా, అంటే 378 కి.మీ., పట్టిన పెట్రోలు 6.3 లీటర్లు. 378ని 6.3తో భాగిస్తే లీటరుకు 60.

లీటరు పోయించుకుని ఎంత దూరం పోయిందో చూసే పద్ధతి నాకు నమ్మకం లేదు. మొదట్లో ట్యాంకులో ఎంత ఉందో, ఆఖర్లో ఎంత మిగిలిందో కళ్లతో చూసి చెప్పలేం. పది శాతం తప్పు అక్కడే దొర్లుతుంది.

కానీ 60 అన్నది కూడా ఒకటే అంకె కాదు. అది హైవే మీద ఒంటరిగా, 50 వేగంతో వచ్చిన అంకె. మా ఊళ్లో సిగ్నళ్లు, స్పీడ్ బ్రేకర్లు, బజారు వీధుల్లో అదే బండి 50 ఇస్తుంది. వెనక మనిషిని, ముందు సంచిని పెట్టుకుని ఘాట్ ఎక్కిస్తే 45కి దిగుతుంది. మీరు కూడా కనీసం రెండు అంకెలు తేల్చుకోండి, ఊళ్లో ఒకటి, బయట ఒకటి.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది ఇథనాల్ 20 శాతం కలిసిన ఈ20 పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే తక్కువ, కాబట్టి మైలేజ్ కొంత తగ్గుతుంది. పాత టూవీలర్లకి ఈ తగ్గుదల 3 నుంచి 4 శాతం ఉండొచ్చని నీతి ఆయోగ్ 2021లో వేసిన అంచనా. అంటే 60 ఇచ్చే బండి 58 ఇస్తుంది. రిజర్వ్ లెక్కలో అది రెండు మూడు కిలోమీటర్లు. టైర్లలో గాలి తక్కువైనా మైలేజ్ పోతుంది, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. అయినా నాలుగైదేళ్ల కిందట తేల్చుకున్న మైలేజ్ అంకె మీ దగ్గరుంటే, దాన్ని కొట్టేసి మళ్లీ కొలవండి.

గుణించి, తర్వాత కోసేయండి

1.2 లీటర్లు. లీటరుకు 60 అనుకుంటే 72 కి.మీ. ఊళ్లో 50 అనుకుంటే 60. ఇద్దరు, ఘాట్ అనుకుంటే 54.

వీటిలో ఏది నమ్మాలి? నేనైతే 72ని గొప్పలకి, 54ని లెక్కకి వాడతాను. ప్రయాణం మాత్రం 30 అనుకునే పెట్టుకుంటాను. అంటే రిజర్వ్ పడిన క్షణం నుంచి 30 కి.మీ. లోపల బంకు చేరాలి. ఎందుకింత పిరికితనం అంటారా? బంకు ఉంటుంది, స్టాకు లేదని బోర్డు పెడతాడు. కరెంటు పోతుంది, జనరేటర్ వేయడు. పల్లెల్లో రాత్రి తొమ్మిదికే దీపాలు తీసేస్తాడు. మొదటి బంకు చెయ్యిచ్చినా రెండో బంకుకి చేరేంత ఉండాలి.

ఇంకో కారణం, రిజర్వ్ ఎప్పుడూ ఒకే చోట పడదు. దిగుడు రోడ్డులో పెట్రోలు ట్యాంకు ముందు భాగానికి పారుతుంది. ట్యాప్ వెనక అంచున ఉన్న బండి ఇంకా పెట్రోలు ఉండగానే మిస్ కొడుతుంది. ఎక్కుడులో దీనికి విరుద్ధం, ఆలస్యంగా పడుతుంది, అంటే మీకు తెలిసేసరికి నిజమైన రిజర్వ్ కొంత తగ్గిపోయి ఉంటుంది. ఘాట్ ఎక్కాక పడిన రిజర్వ్‌ని ఎప్పుడూ తక్కువ లెక్కేసుకోండి.

కాగితం మీద లెక్క నిజమో కాదో చూసుకోవాలని ఉంటే, కార్బొరేటర్ బండివాళ్లు ఒక్కసారి ఖాళీ అయ్యేదాకా నడిపి చూడొచ్చు. ముందుగా ట్యాంకు నుంచి ఒక లీటరు తీసి మూత గట్టిగా ఉన్న లోహపు డబ్బాలో ఇంటి బయట నీడలో పెట్టుకోండి. రిజర్వ్ పడ్డాక మీటరు రాసుకుని, ఇంటి చుట్టుపక్కల రెండు కిలోమీటర్లు దాటకుండా తిరుగుతూ ఉండండి, ఊరికే తిరగకుండా ఆ వారం పనులన్నీ పెట్టుకోండి. నేను పాలకి, కూరలకి, పిల్లల ట్యూషన్‌కి అదే బండి వాడాను. ఐదో రోజు 58 కి.మీ. దగ్గర ఆగింది. ఊళ్లో లెక్క 60 కదా, బాగానే కుదిరింది. అక్కడే బండిని ఎడమవైపు వంచి లేపితే స్టార్టయి ఇంకో రెండున్నర కిలోమీటర్లు వచ్చింది. కుడి గుంటలో ఉండిపోయిన పెట్రోలు అదే.

ఇదంతా చేసే ముందు ట్యాంకు అడుగున చెత్త లేదని చూసుకోండి. ఏళ్ల తరబడి రిజర్వ్ వాడని బండిలో అడుగున తుప్పు, నీళ్లు పేరుకుని ఉంటాయి. రెస్‌కి తిప్పగానే మొదట అదే కార్బొరేటర్‌లోకి పోతుంది.

చీపురు పుల్ల కొలబద్ద

గేజి లేని పాత బుల్లెట్లవాళ్లు బండిని రెండు కాళ్ల మధ్య పెట్టుకుని అటూ ఇటూ ఊపి, గలగల శబ్దాన్ని బట్టి పెట్రోలు ఎంతుందో చెప్పేవాళ్లు. కొందరు చెప్పింది చుక్క తప్పేది కాదు. మనకంత చెవి లేదు కాబట్టి పుల్ల వాడదాం.

రిజర్వ్ పడిన రోజే, కొలవడానికి ముందు, బండిని సెంటర్ స్టాండ్ మీద ఉంచి ట్యాంకు మూత తీయండి. శుభ్రమైన పొడుగు వెదురు పుల్లని నిలువుగా అడుగు తగిలేదాకా దించి తీయండి. తడిసినంత మేర బ్లేడుతో గాటు పెట్టండి. తర్వాత లీటరు పోయించినప్పుడల్లా మళ్లీ ముంచి ఇంకో గాటు. నాలుగు గాట్లు పడ్డాక ఆ పుల్ల మీ బండి గేజి కంటే నిజం చెప్తుంది. మూత తీస్తే మెట్టు మాత్రమే కనిపించే బండ్లలో పుల్ల ఆ మెట్టుకి తగులుతుంది, అలాంటప్పుడు ఎప్పుడూ ఒకే వైపు జార్చి ముంచాలి. పుల్ల అడుగు తగిలినా పైన చేత్తో పట్టుకునేంత పొడుగు ఉండాలి, విరిగి లోపల పడితే ట్యాంకు దించాల్సిందే. చీకట్లో ఎంతుందో కనపడక లైటర్ వెలిగించి ట్యాంకులోకి చూసిన మహానుభావులు ఉన్నారు. మీరు ఆ జాబితాలో చేరకండి.

రోడ్డు మీద రిజర్వ్ పడినప్పుడు

ట్యాప్‌ని చూడకుండా తిప్పడం ఇంటి దగ్గరే నేర్చుకోండి. బండి ఆపి, కళ్లు మూసుకుని, ఎడమ చెయ్యి తొడ కిందుగా పోనిచ్చి ఆన్ నుంచి రెస్‌కి పదిసార్లు తిప్పండి. కొన్ని బండ్లకి పైకి తిప్పితే రెస్, కొన్నిటికి పక్కకి. లారీల మధ్యలో తల వంచి ట్యాప్ వెతుక్కునే పని పెట్టుకోకూడదు.

దారిలో మిస్ కొట్టగానే ముందు ఎడమ పక్కకి రండి. క్లచ్ పట్టండి, బ్రేకు వేయొద్దు, బండి దొర్లుతుండగానే ట్యాప్ తిప్పండి. కార్బొరేటర్ గిన్నె నిండటానికి కొన్ని క్షణాలు పడుతుంది. తర్వాత మెల్లగా క్లచ్ వదిలితే బండి తనంతట తనే అందుకుంటుంది. కంగారుపడి యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే ఉన్న కాస్తా లాగేసి మళ్లీ ఆగుతుంది.

అప్పుడే మీటరు చూసి చివరి మూడంకెలు పైకి చదవండి. వెనక ఎవరైనా ఉంటే వాళ్లకి చెప్పండి, వాళ్లు గుర్తుపెట్టుకుంటారు. ఇది చేయకపోతే ఇప్పటిదాకా కట్టిన లెక్కంతా వృథా, ఎందుకంటే ఎక్కడి నుంచి ముప్పై అన్నది మీకు తెలీదు.

తర్వాత 40–50 మధ్య టాప్ గేర్‌లో, ఒకే వేగంతో పోనివ్వండి. చాలా బండ్ల స్పీడోమీటర్‌లో ఎకానమీ అని పచ్చ పట్టీ ఉంటుంది, ముల్లు అందులో ఉంచండి. దిగుడులో పెట్రోలు మిగులుతుందని ఇంజను ఆపి జార్చొద్దు. ఘాట్‌లో ఇంజను పట్టు లేకుండా బ్రేకుల మీదే దిగితే అవి కాలిపోతాయి. ఎఫ్ఐ బండికి ఆ అవసరం కూడా లేదు, గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే అదే పెట్రోలు ఆపేస్తుంది.

రెస్‌లో కూడా ఆగిపోతే, బండి దిగి ట్యాప్ ఉన్న వైపుకి సగం దాకా వంచి, పదంకెలు లెక్కపెట్టి లేపండి. పూర్తిగా పడుకోబెట్టొద్దు, పాత బ్యాటరీ అయితే యాసిడ్ కారుతుంది. ఒకటి రెండు కిలోమీటర్లు వస్తుంది, అంతకు మించి ఆశపడకండి. బజాజ్ చేతక్ కాలం నాటి వాళ్లకి ఈ వంచుడు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ల ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు.

ఒక్కోసారి ట్యాంకులో పెట్రోలు ఉండి కూడా బండి అచ్చం రిజర్వ్ పడినట్టే ఆగుతుంది. ట్యాంకు మూత తీయండి. సుయ్‌మని గాలి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందని అర్థం. దుమ్ము రోడ్లలో ఇది మామూలు. మూత ఒకసారి తీసి పెట్టి బయల్దేరండి, ఇంటికొచ్చాక శుభ్రం చేయించండి.

నిజంగానే ఖాళీ అయితే? బాటిల్ పట్టుకుని బంకుకి నడిచి వెళ్తే చాలాచోట్ల పోయరు, వాళ్లని తిట్టి లాభం లేదు. దారిన పోయే కార్బొరేటర్ బండిని ఆపి, దాని పైపు తీసి ఓ పావు లీటరు పట్టుకోవడం పాత పద్ధతి, ఇప్పటికీ పనిచేస్తుంది. డబ్బులిస్తానంటే తీసుకోని వాళ్లే ఎక్కువ. జాతీయ రహదారి మీదైతే 1033 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. నన్ను తోసినట్టు కాలితో తోయించుకోవడం మాత్రం లారీలు తిరిగే రోడ్డు మీద వద్దు. ఆ రోజు మా అదృష్టం బాగుంది, అంతే.

లైటు వెలిగాక: ఎఫ్ఐ బండ్లు, స్కూటర్లు

మీకు లెక్క ఇంకా తేలిక. దీపం వెలిగిన వెంటనే, లేదా ఆఖరి గీత మిణుకుమన్న వెంటనే, దగ్గరి బంకులో ఫుల్ ట్యాంకు చేయించండి. ట్యాంకు సామర్థ్యం నుంచి పట్టిన పెట్రోలు తీసేయండి. యాక్టివా 6జీ ట్యాంకు 5.3 లీటర్లు. 4.2 పట్టిందనుకోండి, దీపం వెలిగినప్పుడు 1.1 లీటర్లు ఉందన్నమాట. మూడుసార్లు ఇలా చేసి, మూడింటిలో చిన్న అంకె తీసుకోండి. దాన్ని ఊళ్లో మైలేజ్‌తో గుణించి సగం చేయండి. సగం ఎందుకంటే అడుగున ఉన్నదంతా పంపు లాగలేదు, పైగా దాన్ని ఎండబెట్టకూడదని ముందే అనుకున్నాం. యాక్టివా 45 ఇస్తుందనుకుంటే 1.1కి దాదాపు 50, సగం చేస్తే 25 కి.మీ.

యమహా, కేటీఎం బండ్లు కొన్నిట్లో పెట్రోలు తగ్గగానే మీటరు తనంతట తనే ట్రిప్ ఎఫ్‌కి మారి సున్నా నుంచి లెక్కపెడుతుంది. అది ఎంత దూరం పోగలరో చెప్పదు, దీపం వెలిగాక ఎంత దూరం వచ్చారో చెప్తుంది. ఈ తేడా తెలీక అంకె పెరుగుతోంది కదా అని సంతోషపడిన మిత్రుడొకడు నాకున్నాడు. ఇంకెంత దూరం పోతుందో చూపించే కొత్త మీటర్లు మీరు ఇంతకుముందు నడిపిన తీరుని బట్టి లెక్కగడతాయి. హైవే మీద 40 చూపించింది, ఊళ్లోకి రాగానే 28 అయిందంటే మీటరు పాడైనట్టు కాదు.

పొరపాటున ఖాళీ అయి ఆగితే, కనీసం లీటరు పోశాక తాళం ఆన్ చేసి పంపు గుర్రుమనే చప్పుడు ఆగేదాకా ఉండండి. ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. మూడు నాలుగుసార్లు ఇలా చేశాకే సెల్ఫ్ కొట్టండి. ముందే సెల్ఫ్ కొడుతూ కూర్చుంటే పెట్రోలు అందక బ్యాటరీ కూడా దిగిపోతుంది, అప్పుడు రెండు సమస్యలు.

ఘాట్ రోడ్లు

శ్రీశైలం వెళ్లేవాళ్లు మన్ననూరు చెక్‌పోస్టుకి ముందే ట్యాంకు నింపుకోండి. అక్కడి నుంచి దోమలపెంట దాకా పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు మూసేస్తారు. సాయంత్రం గేటు పడే వేళకి హడావుడిగా లోపలికి దూరి, అడవి మధ్యలో రిజర్వ్ లెక్కలు వేసుకోవడం మంచి కాలక్షేపం కాదు. అరకు వైపైతే ఎస్.కోటలో, మారేడుమిల్లి వైపైతే రంపచోడవరంలో నింపుకుంటే సరిపోతుంది. ఘాట్ మొదలయ్యే ముందు సగం ట్యాంకు కంటే తక్కువ ఉంటే ఎక్కకూడదని నేను పెట్టుకున్న నియమం, ఫోన్‌లో మ్యాపు బంకులు చూపిస్తున్నా సరే. సిగ్నల్ లేనిచోట మ్యాపు కూడా ఉండదు.

ట్యాప్ వెనక్కి తిప్పారా?

బంకులో పెట్రోలు కొట్టించాక, మీటరు సున్నా చూసినట్టే, మూత పెట్టే ముందు ట్యాప్‌ని ఆన్‌కి తిప్పండి. మూత పెట్టాక కాదు, ముందు. మూత పెడితే పనైపోయిందని మనసు అనుకుంటుంది, డబ్బులు, చిల్లర, వెనక హారన్లు, ట్యాప్ సంగతి ఎగిరిపోతుంది.

నెలకోసారైనా కావాలని రిజర్వ్ పడనిచ్చి, రెస్ మీద ఐదారు కిలోమీటర్లు నడపండి. పెట్రోలు కంటే నీళ్లు బరువు కాబట్టి ట్యాంకులోకి చేరిన ప్రతి చుక్కా అడుగుకే పోతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాల్లోని తేమని ఇంకాస్త ఎక్కువ పీలుస్తుంది, నీళ్లు మరీ ఎక్కువైతే ఇథనాల్‌తో సహా విడిపోయి అడుగున చేరుతుంది. అప్పుడప్పుడూ కొద్దికొద్దిగా వాడేస్తుంటే అది పేరుకోదు. ట్యాప్ కింద చిన్న గిన్నె లాంటి మూత ఉన్న బండ్లలో, సర్వీసింగ్ అప్పుడు దాన్ని విప్పి చూడమని మెకానిక్‌కి చెప్పండి. మా దాంట్లో ఒకసారి అర చెంచా నీళ్లు, ఎర్ర మట్టి లాంటి తుప్పు వచ్చాయి.

మా బాబాయి కొడుకు ఇప్పటికీ బండి తీసుకెళ్తాడు. తాళం వెనక్కి ఇచ్చేటప్పుడు "అన్నా, ఆన్‌లోనే పెట్టాను" అంటాడు. సరేరా అంటాను. వాడు మలుపు తిరిగాక వెళ్లి చెయ్యి పెట్టి చూసుకుంటాను.